రెండు డిస్కుల కాపలా

ఆ రక్తపరీక్షల ల్యాబులో ఆయన్ని అందరూ కాపలా అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది సెలవు చీటీ మీద రాయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఈ కథ నాటికి ఆయన సెలవు చీటీ పెట్టి పదకొండేళ్లు దాటింది. కాబట్టి ఆ పేరు ఆయనకైనా సరిగ్గా గుర్తుందో లేదో నాకు అనుమానమే.

మనిషిని చూస్తే మీకేమీ అనిపించదు. పొట్టిగా ఉంటాడు. మెట్ల మీద ఎదురైతే గోడకి అతుక్కుని దారిస్తాడు. ఎవరైనా పొగిడితే ఏం చెయ్యాలో తెలియక చొక్కా గుండీలు సర్దుకుంటాడు. కానీ పదిహేనేళ్లపాటు ఆ ఊళ్లో సగంమంది చేతుల్లోంచి రక్తం తీసింది ఆయనే. సూది దిగిన సంగతి దూది పెట్టాక గానీ తెలిసేది కాదు. సూది చూడగానే కళ్లు తేలేసే భారీ మనుషులు కూడా "ఆయనుంటేనే తీయించుకుంటా" అని బెంచీ మీద గంటలకొద్దీ కూర్చునేవాళ్లు. అంత చెయ్యి తిరిగినవాడు సూది వదిలేసి కంప్యూటరు ముందు ఎందుకు కూలబడ్డాడంటే, అడిగిన పనికి కాదనడం చేతకాక.

ల్యాబు కళ్లజోళ్ల షాపు పైన, మొదటి అంతస్తులో ఉంటుంది. ముందు గదిలో కౌంటరు, బెంచీలు. వెనక గదిలో రక్తాన్ని పరీక్షించే మిషన్లు. ఆ రెండింటికీ మధ్య, ఒకప్పుడు దూది కట్టలు దాచిన ఇరుకు గది. పదకొండేళ్ల కిందట మొదటి కంప్యూటరు వచ్చినప్పుడు దాన్ని ఆ గదిలో శాంపిళ్ల ఫ్రిజ్ పక్కన పెట్టారు. "దీన్ని ఎవరు చూసుకుంటారు?" అని ల్యాబు యజమానురాలు డాక్టరమ్మ అడిగింది. అందరూ నేల చూపులు చూశారు. ఈయనొక్కడూ పొరపాటున కంప్యూటరు వైపు చూశాడు. బరువు నెత్తిన పడింది.

వెనక గదిలో మిషన్లు తేల్చిన ప్రతి అంకె ఈ కంప్యూటరులోకే వస్తుంది. ఏ గొట్టం ఎవరిది, ఎవరి చక్కెర ఎంత, ఎవరి రక్తం ఎంత పలచబడింది, అంతా దానికే తెలుసు. అది లేవలేదంటే నూటయాభై గొట్టాలు నూటయాభై మంది పేర్లతో అలా నిలబడి ఉంటాయి, కౌంటరు ముందు జనం నిలబడి ఉంటారు, ఏ డాక్టరూ ఎవరికీ మందు రాయలేడు. అందుకని ఆయన తెల్లవారగానే వచ్చి దాని పక్కన కూర్చునేవాడు. పండగ లేదు, పబ్బం లేదు. గుడ్ల మీద కోడిలా కూర్చున్న ఈ మనిషికి కాపలా అని పేరు పెట్టింది కౌంటరమ్మాయి. అమ్మాయి అంటున్నా గానీ ఆమెకి నలభై దాటాయి, నోరు మాత్రం ఇంకా పదహారు దగ్గరే ఆగింది.

ఇక ఆయన భార్య. ఆవిడ ఇంట్లోనే కర్టెన్లూ దిండు గలీబులూ కుడుతుంది. తన పనేదో తనది, ఒకరి జోలికి పోదు. ఆవిడకున్న కోరిక ఒక్కటే. సముద్రం చూడాలి. ఆ ఊరి నుంచి సముద్రం సగం రోజు రైలు ప్రయాణం. చూడనివాళ్లు లేరు. ఆవిడొక్కతే చూడలేదు, ఎందుకంటే ఆవిడ మొగుడు కాపలా.

మొదటిసారి టికెట్లు కొన్నప్పుడు కంప్యూటరుకీ మిషన్లకీ మాట పడక నిలబడిపోయింది. ప్రయాణం ఆగింది. రెండోసారి డిస్కు పోయింది. డిస్కు అంటే కంప్యూటరు తనకి తెలిసినదంతా రాసుకునే పెట్టె, అది పోతే ఏమీ మిగలదు. పాత కాగితాలు ముందేసుకుని ఆయనా కౌంటరమ్మాయీ మూడు రోజులు టైపు కొట్టారు. ఇంటికెళ్తే భార్య అన్నం పెట్టింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకి అలవాటేగా" అని మాత్రం అంది. ఆ మాట ఆయన మనసులో ముల్లులా దిగింది.

అప్పుడే ఆయనకి జంట డిస్కుల సంగతి తెలిసింది. వీధి చివర కంప్యూటరు సామాన్ల షాపుంది. దాని యజమాని సన్నగా, నిదానంగా ఉంటాడు, ఒక ప్రశ్నకి జవాబు చెప్పే ముందు టీ గ్లాసు సగం ఖాళీ చేస్తాడు. ఆయనే చెప్పాడు, ఒకేలాంటి రెండు డిస్కులు పెట్టి వాటిని జత చేస్తే, ఒకదాంట్లో రాసిన ప్రతి అక్షరం అదే క్షణంలో రెండోదాంట్లోనూ పడుతుందని. ఒకటి చచ్చినా రెండోది బతికే ఉంటుందని. మన కాపలాకి ప్రాణం లేచొచ్చింది. రెండు డిస్కులు తెచ్చి, వారం రోజులు పుస్తకాలతో కుస్తీ పట్టి, జత చేసేశాడు. ఏది ఏదో తెలియడానికి ల్యాబు పద్ధతిలోనే రంగు చీటీలు అంటించాడు. రక్తకణాల పరీక్షకి వాడే గొట్టం మూత ఊదా రంగు, చక్కెర పరీక్ష గొట్టం మూత బూడిద రంగు. అలాగే మొదటి డిస్కు ఊదా, రెండోది బూడిద.

ఇంట్లో ఈ వార్త చెప్తే భార్య సూదిలో దారం ఎక్కిస్తూ, "ఇన్నాళ్లూ ఒక్క సవతే అనుకున్నా. ఇప్పుడు ఇద్దరా?" అంది.

"ఇద్దరుంటేనే నాకు తీరిక" అన్నాడాయన సంబరంగా.

"అలా చెప్పి పెళ్లి చేసుకున్న మగాణ్ని మిమ్మల్నే చూశా."

ఆయన ఊరుకోలేదు. పరీక్ష కూడా చేసి చూపించాడు. ఒక మధ్యాహ్నం డాక్టరమ్మనీ, కౌంటరమ్మాయినీ, వెనక గది వాళ్లనీ అందరినీ ఇరుకు గది గుమ్మం దగ్గర నిలబెట్టి, కంప్యూటరు నడుస్తుండగానే ఊదా డిస్కు తీగ పట్టుకుని లాగేశాడు. కౌంటరమ్మాయి కెవ్వుమంది. కంప్యూటరు కిమ్మనలేదు. రిపోర్టు అచ్చవుతూనే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు, ఆయన గుండీలు సర్దుకున్నాడు. ఆ సాయంత్రమే మూడోసారి రైలు టికెట్లు కొన్నాడు.

ఇక్కడే ఉంది ఆయన చేసిన తప్పు, ఇలాంటి తప్పు ఇలాంటి ల్యాబులో పనిచేసేవాడే చెయ్యగలడు. ఆ కంప్యూటరుని ఎప్పుడూ ఆర్పరు, కాసేపు కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది. నడుస్తున్నదాన్ని నడుస్తుండగానే పరీక్షించాడు. ఆరిపోయినదాన్ని మళ్లీ లేపి చూడాలని ఆయనకి తట్టనే లేదు. తిరుగుతున్న బొంగరాన్ని చూసి మురిసిపోయాడు గానీ తాడు ఎక్కడుందో చూసుకోలేదు.

ప్రయాణం రోజు పొద్దున్న. పెట్టె గుమ్మం దగ్గరుంది. భార్య కొత్త చెప్పులు వేసుకుని, తలుపు తాళం చేత్తో పట్టుకుని నిలబడింది. ఫోను మోగింది. కరెంటు చాలాసేపు పోయి వచ్చిందట. కంప్యూటరు లేవడం లేదట. "నల్ల తెర మీద ఒక్క ముక్క ఇంగ్లీషు వచ్చి ఆగిపోయింది బాబాయ్" అంది కౌంటరమ్మాయి ఏడుపు గొంతుతో. ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ అప్పటికే చెప్పులు విప్పుతోంది.

ఆ రోజు గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆయనకి తెలిసింది. ఊదా డిస్కు చచ్చిపోయింది. బూడిద డిస్కులో అంతా ఉంది, ఒక్క అంకె కూడా పోలేదు. అయినా కంప్యూటరు లేవదు! షాపాయన వచ్చి చూసి, టీ తెప్పించుకుని, సగం తాగి అప్పుడు నోరు విప్పాడు.

"సరుకంతా రెండు గోదాముల్లోనూ ఉందండీ. తలుపు తీసే తాళం చెవి మాత్రం మొదటి గోదాముకే చేయించారు."

"అర్థం కాలేదు."

"కంప్యూటరు లేవాలంటే దాన్ని తట్టి లేపే చిన్న ముక్క ఒకటి డిస్కు మొదట్లో ఉండాలి. అది ఈ జంటలోకి రాదు. దాన్ని ఏ డిస్కుకి ఆ డిస్కుకి విడిగా ఎక్కించాలి. మీరు ఊదాకి ఎక్కించారు, బూడిదని మరిచారు."

"మరి తీగ లాగితే నడిచిందే?"

"మెలకువగా ఉన్నవాణ్ని లేపక్కర్లేదు కదండీ."

సాయంత్రానికి షాపాయన ఎలాగో కంప్యూటరుని లేపాడు. ఈయన ఇంటికెళ్లేసరికి పెట్టె ఖాళీ అయిపోయి అటక మీద ఉంది. భార్య ఆకుపచ్చ కర్టెను అంచు కుడుతోంది. మిషను ఆపకుండానే చెప్పింది.

"ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోకండి. ఇకమీదట నేను అడగను. అడిగి, సర్దుకుని, విప్పుకోవడం కన్నా అడగకపోవడమే తేలిగ్గా ఉంది."

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ నిజంగానే అడగడం మానేసింది. నెలలు గడిచాయి. టీవీలో సముద్రం కనబడితే లేచి వంటింట్లోకి వెళ్లేది, నీళ్లు తాగడానికన్నట్టు. ఆయనకి అది చాలా బాధగా ఉండేది. ఒక మనిషి తన వల్ల ఒక కోరిక మానేసుకుందంటే, తను ఆ ల్యాబుకి ఎంత పనికొచ్చి ఏం లాభం? అప్పుడు ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. తను లేకపోయినా ఆ కంప్యూటరు లేవాలి. ఏ డిస్కు పోయినా లేవాలి. ఎవరు బటను నొక్కినా లేవాలి. అది రుజువైన రోజే ఇంట్లో నోరు విప్పాలి, అంతకుముందు కాదు.

చదివాడు, అడిగాడు, మళ్లీ అడిగాడు. షాపాయన టీలు ఎన్ని తాగాడో షాపాయనకే తెలియాలి. చివరికి ఒక ఆదివారం కుదిరింది. ఆదివారం ల్యాబు మధ్యాహ్నానికే మూసేస్తారు. ఆయన కొత్త ఊదా డిస్కుకీ, బూడిద డిస్కుకీ, రెండింటికీ విడివిడిగా ఆ లేపే ముక్కని ఎక్కించాడు. తర్వాత కంప్యూటరు సెట్టింగుల్లోకి వెళ్లి, ముందు ఊదాని అడుగు, అది పలక్కపోతే ఆగిపోకుండా బూడిదని అడుగు, అని వరస పెట్టాడు. పనంతా చేస్తే గంట పట్టలేదు. ఇన్నేళ్ల బాధకి గంట పని!

అప్పుడు ఇంటికి ఫోన్ చేశాడు.

"ఒకసారి ల్యాబుకి రాగలవా?"

"ఎవరికైనా బాగోలేదా?" అంది భార్య కంగారుగా.

"అందరూ బాగానే ఉన్నారు. నీతో ఒక పనుంది."

ఆవిడ భోజనం డబ్బాతో వచ్చింది. ఇన్నేళ్లలో ఆవిడ ఆ ఇరుకు గదిలోకి రావడం అదే మొదలు. గుమ్మంలో నిలబడి చుట్టూ చూసింది. ఫ్రిజ్, టేబులు, స్టూలు, గోడ మీద గొట్టాల మూతల రంగుల పట్టిక, స్పిరిటు వాసన.

"కిటికీ కూడా లేదే. పదకొండేళ్లూ ఇక్కడేనా కూర్చున్నది?"

ఆయన కూడా గదిని కొత్తగా చూసినట్టు చూశాడు. "అవును. కిటికీ లేదు" అన్నాడు.

ఇక పరీక్ష మొదలైంది. ముందు కంప్యూటరుని ఆర్పేశాడు. దాని ఫ్యాను చప్పుడు ఆగగానే గదిలో ఏదో తేడాగా అనిపించింది. ఊదా డిస్కుని తీసి భార్య చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది. ఆయన బటను నొక్కాడు. నల్ల తెర. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది దాకా లెక్కపెట్టేసరికి ల్యాబు గుర్తు వచ్చింది, తర్వాత పేర్ల పట్టిక వచ్చింది.

"లేచింది" అన్నాడు.

"అయితే అయిపోయినట్టేనా?"

"సగం. ఇప్పుడు బూడిద తీసి ఊదాతో లేపాలి."

ఊదాని మళ్లీ పెట్టాడు. ఇక్కడ ఆత్రపడితే కొంప మునుగుతుంది. ఊదా బయట ఉన్నంతసేపూ బూడిద ఒక్కటే రాసుకుంది కనుక, ఊదా వెనకబడి ఉంటుంది. బూడిదని చూసి ఊదా అంతా కొత్తగా ఎక్కించుకోవాలి. అది నూటికి నూరుపాళ్లూ పూర్తయ్యేదాకా బూడిదని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పాత లెక్కలతో ఒకటి, కొత్త లెక్కలతో ఒకటి, రెండూ నేనే నిజమంటాయి. షాపాయన ఈ సంగతి మూడు టీల మీద మూడుసార్లు చెప్పాడు.

"ఎంతసేపు?" అంది ఆవిడ.

"రెండు గంటల నలభై నిమిషాలు."

"అంటే మీతో రెండు గంటల నలభై నిమిషాలు ఖాళీగా కూర్చోవాలా?" అంటూ డబ్బా మూత తీసింది. "పెళ్లయ్యాక ఇంతసేపు ఎప్పుడైనా కూర్చున్నామా?"

కూర్చున్నారు. స్టూలు ఆవిడకిచ్చి ఆయన బోర్లించిన అట్టపెట్టె మీద కూర్చున్నాడు. తెర మీద పన్నెండు శాతం, పదమూడు శాతం అని కదులుతోంది. తిన్నారు. ఆవిడ గోడ మీది పట్టిక చూసి ఏ మూత దేనికో అడిగింది, ఆయన చెప్పాడు. నలభై శాతం దగ్గర ఆవిడకి కునుకు పట్టింది, సరిగ్గా పడకపోతే కూసే ఫ్రిజ్ తలుపుని ఆయన చప్పుడు కాకుండా చేత్తో నొక్కిపట్టుకున్నాడు. డెబ్బై దగ్గర లేచి, వాళ్ల పెళ్లిలో కరెంటు పోతే ఫోటోలాయన ఎవరినో పెళ్లికొడుకనుకుని అరడజను ఫోటోలు తీసిన సంగతి గుర్తు చేసింది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ గదిలో అలాంటి నవ్వు ఆ గోడలు ఎప్పుడూ విని ఉండవు.

నూరు శాతం వచ్చింది. ఆయన కంప్యూటరు ఆర్పి, లేచి, గోడకి జరిగి నిలబడ్డాడు.

"బూడిద చీటీ ఉన్నది తియ్యి. తీశాక ఈ బటను నొక్కు."

"నేనా? నాకేం తెలుసు?"

"అందుకే నువ్వు. నేను నొక్కితే లేవడం గొప్ప కాదు."

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంది. డిస్కు తీసింది. బటను నొక్కింది. ఇద్దరూ నల్ల తెర వైపు చూస్తున్నారు. ఆయన లెక్కపెట్టడం మరిచిపోయాడు. ఆవిడే పైకి లెక్కపెట్టింది, ఆరు దగ్గర వెలుగొచ్చింది.

"లేచిందండీ!"

"లేచింది. ఇప్పుడు చెప్తున్నా. సముద్రానికి వెళ్దాం. పది రోజులు. ఫోను ముట్టుకోకుండా."

ఆవిడ బూడిద డిస్కుని మళ్లీ జత చెయ్యమని ఆయన చేతికిచ్చింది. "రైలు కదిలాక నమ్ముతా" అంది. ఆ మాటలో కోపం లేదు, కానీ నమ్మకమూ లేదు.

కౌంటరమ్మాయికి అప్పగింతలు పెట్టడానికి ఆయన పద్నాలుగు పేజీలు రాశాడు. భార్య అవి చదివి, "నేను కుట్టుపనికి కొలతలు రాసుకునే చీటీ కన్నా పెద్దదైతే ఎవరూ చదవరు" అని అరపేజీ చేసింది. బటను నొక్కు. పది అంకెలు లెక్కపెట్టు. లేవకపోతే ఇంకోసారి నొక్కు. అప్పటికీ లేవకపోతే షాపాయనకి ఫోన్ చెయ్యి. కాపలాకి మాత్రం చెయ్యకు. చివరి వాక్యం కింద ఆవిడే గీత గీసింది.

రైలు కదిలింది. ఆవిడ నమ్మింది.

సముద్రం దగ్గర ఆవిడ ఎలా ఉందో చెప్పాలంటే నాకు మాటలు చాలవు, కాబట్టి ఒక్కటే చెప్తాను. మొదటి రోజు నీళ్ల దాకా వెళ్లి, చీర తడవకుండా పైకి పట్టుకుని, అల వచ్చి మోకాళ్ల దాకా తడిపేస్తే, "అయ్యో, అంతా పోయింది" అని నవ్వుతూ చీర వదిలేసింది. ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ చీర పట్టుకోలేదు.

ఆయన మూడు రోజులు ఓర్చుకున్నాడు. నాలుగో రోజు పొద్దున్న ఆవిడ ఒడ్డున గవ్వలు ఏరుతుంటే, బస చేసిన ఇంటి వరండాలో ఫోను కనబడింది. మనసు ఆగలేదు. ల్యాబుకి ఫోన్ చేసి, గొంతు బొంగురుగా మార్చాడు.

"రిపోర్టు కావాలమ్మా."

"నంబరు చెప్పండి" అంది కౌంటరమ్మాయి.

బయల్దేరే ముందు తను పరీక్షించుకున్న చక్కెర రిపోర్టు నంబరు చెప్పాడు. కంప్యూటరు నడుస్తుంటేనే కదా ఆమె చెప్పగలిగేది! కీల చప్పుడు వినిపించింది. ప్రాణం కుదుటపడింది.

"నూట ఇరవై ఎనిమిది. కొంచెం ఎక్కువే, మిఠాయిలు తగ్గించండి" అంది ఆమె. ఆ వెంటనే, "బాబాయ్, గొంతు మార్చుకుంటే రిపోర్టు నంబరు కూడా మార్చుకోవాలి కదా! ఫోను పెట్టేసి పిన్ని దగ్గరికెళ్లండి. లేకపోతే పిన్నికి చెప్తా" అంది.

ఆయన సిగ్గుపడి ఫోను పెట్టేశాడు. మళ్లీ ముట్టుకుంటే ఒట్టు.

పదకొండో రోజు పొద్దున్నే ల్యాబుకి వెళ్లాడు. ముందు గది నిండా జనం, రిపోర్టులు వస్తున్నాయి, పోతున్నాయి. "అన్నీ బాగానే ఉన్నాయా?" అని అడిగితే కౌంటరమ్మాయి తలెత్తకుండా, "మీరు ఉన్నప్పటిలాగే ఉన్నాయి బాబాయ్. ఏమీ జరగలేదు" అంది.

ఇరుకు గదిలోకి వెళ్లాడు. ఫ్రిజ్ తలుపుకి స్టూలు ఆన్చి ఉంది.

"ఇదేంటమ్మా?"

"ఆ ఫ్రిజ్ పాడైంది బాబాయ్. తలుపు సరిగ్గా పడకపోతే కూస్తుందిగా, అలా వారం నుంచీ ఒకటే కూత. ఎంత నొక్కినా ఆగడంలేదు. స్టూలు ఆన్చాం. అయినా కూస్తోంది."

అప్పుడే కుయ్‌మని చిన్న కూత వినిపించింది. అది ఫ్రిజ్‌లోంచి కాదు. ఆయన వంగి చూశాడు. ఊదా చీటీ ఉన్న డిస్కు పక్కన ఎర్రదీపం. డిస్కు పోతే కూయమని బయల్దేరే ముందు తనే పెట్టిన కూత అది, అరపేజీ చీటీకి ఎక్కలేదు. పాపం, ఎనిమిది రోజులుగా కూస్తూనే ఉంది.

కంప్యూటరు తన దినచర్య తనే రాసుకుంటుంది. ఆయన తెరిచి చదివాడు. మూడో రోజు మధ్యాహ్నం ఊదా డిస్కు చచ్చిపోయింది. అదే సాయంత్రం కరెంటు పోయింది, బ్యాటరీ అయిపోయి కంప్యూటరు ఆరిపోయింది. అరగంట తర్వాత ఎవరో బటను నొక్కారు. ఊదాని అడిగింది, జవాబు లేదు. బూడిదని అడిగింది. లేచింది. ఆ తర్వాత వచ్చిన వెయ్యిమంది పైచిలుకు లెక్కలన్నీ బూడిద ఒక్కదాని మీదే నడిచాయి. నాలుగో రోజు తను బొంగురు గొంతుతో అడిగి విన్న నూట ఇరవై ఎనిమిది కూడా దాంట్లోంచి చదివిందే.

"మూడో రోజు కరెంటు పోయిందా?"

"ఆఁ, పోయింది. వచ్చాక బటను నొక్కా. కొంచెం ఆలస్యంగా లేచింది, అంతే. ఎనిమిది దాకా లెక్కపెట్టా" అంది ఆమె, మరో రిపోర్టు మడుస్తూ.

ఆ వేళకే డాక్టరమ్మ వచ్చింది. "ఏమండీ, పది రోజులు మీరు లేకుండా హాయిగా గడిచింది. అయితే ఇన్నాళ్లూ మీరిక్కడ కూర్చుని చేసిందేంటి?" అని నవ్వుతూ తన గదిలోకి వెళ్లిపోయింది.

వేళాకోళమే. అయినా ఆయనకి లోపల చురుక్కుమంది. ఒక్కరైనా తనని తలుచుకోలేదు. తన జీవితంలో చేసిన అతి పెద్ద పని ఎవరి కంటా పడకుండా జరిగిపోయింది. వీళ్లందరినీ పిలిచి ఎర్రదీపం చూపించి, ఏం జరిగి ఉండేదో చెప్పాలనిపించింది. నోటి దాకా వచ్చింది కూడా. ముందు గదిలో ఒక ముసలాయన రిపోర్టు తీసుకుని, జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, మెట్లు దిగిపోతున్నాడు. ఆయనకి ఈ ఎర్రదీపం ఎందుకు? కాపలా ఆ ఊహ మానుకున్నాడు. చురుకు మెల్లగా తగ్గింది, దాని చోట్లో ఏదో తృప్తి, ఇన్నేళ్లలో ఎరగని నిశ్చింత.

చెప్పడానికి ఒక్క మనిషే ఉంది. ఇంటికి ఫోన్ చేశాడు. అవతల కుట్టుమిషను ఆగింది.

"డిస్కు పోయింది" అన్నాడు.

ఆవిడ చిన్న గొంతుతో, "ఎప్పుడు? ఇవాళా?" అంది.

"మనం వెళ్లిన మూడో రోజు. కరెంటు కూడా పోయింది."

"మూడో రోజా? మూడో రోజు మనం ఆ రాళ్ల మీద కూర్చుని చీకటిపడేదాకా..." అని ఆగింది. "మరి మనల్ని ఎవరూ పిలవలేదే?"

"పిలవలేదు. పిలవాల్సిన పని పడలేదు. రెండోది లేచింది."

"దానంతట అదే?"

"దానంతట అదే."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. ఏడుస్తోందేమో అని ఆయన భయపడ్డాడు. ఏదో ఒకటి అనాలని వెతుక్కుంటున్నాడు. ఈలోగా ఆవిడే మాట్లాడింది, మామూలు గొంతుతో, కూరగాయలేం తేవాలో అడిగినంత మామూలుగా.

"ఏమండీ, నేను కొండలు కూడా చూడలేదు. ఎప్పుడు వెళ్దాం?"